నమోదు బావ చేపల గది

మా బావను ఆఫీసులోనూ బయటా అందరూ ‘నమోదు’ అనే పిలుస్తారు. నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల కిటికీ ఆయనది. కుళాయి రాలేదని వచ్చినా, బురదనీళ్లు వచ్చాయని వచ్చినా, గొట్టం పగిలి వీధి చెరువైందని వచ్చినా, ఆయన చివరిదాకా విని, పుస్తకంలో రాసుకుని, “నమోదైందండి” అనేవాడు. ఆ మాట ఎంత మెత్తగా అనేవాడంటే, సగంమంది తమ పని అయిపోయిందనుకుని ఇళ్లకు వెళ్లిపోయేవారు. మిగతా సగం అరిచేవారు. ఇరవై రెండేళ్లుగా ఆయన చెవుల్లో పడింది ఆ సగమే.

ఒకరోజు ఏదో ఫైలు మీద సంతకం కోసం పెద్దాఫీసరు ఇంటికి వెళ్లి, ఆయన స్నానం ముగించి వచ్చేదాకా హాల్లో కూర్చోవలసి వచ్చింది. ఎదురుగా గోడలో అమర్చిన అద్దాల తొట్టి. అందులో ఒక ఎర్రచేప ఈయన వైపే తిరిగి నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. అలవాటు కొద్దీ బావ చెయ్యి జేబులో పెన్ను మీదికి పోయింది. ఎంతసేపు చూసినా శబ్దం రాలేదు. ఆఫీసరు బయటికి వచ్చి రెండుసార్లు దగ్గితేగాని బావకు తాను వచ్చిన పని గుర్తుకు రాలేదు.

ఇంటికి రాగానే అక్కతో, “నోరు తెరిచి ఏమీ అనని ప్రాణిని ఇవాళే చూశాను” అన్నాడు. అక్క పట్టించుకోలేదు. పెళ్లైన కొత్తలో ఈ మనిషే తేనెటీగలు పెంచుతానన్నాడు. తర్వాత కొన్నాళ్లు వేణువు మీద పడ్డాడు. ఇదీ అలాంటిదేలే అనుకుంది.

కానీ ఈసారి బావకు చేపల కొట్టాయన తోడయ్యాడు. ఒక్క తొట్టి ధర అడగడానికి వెళ్లినవాడికి, అసలు ఒక్క తొట్టి పెట్టడమంత దండగ ఇంకోటి లేదని ఆయన బోధించాడు. గది మొత్తాన్ని వెచ్చగా ఉంచితే తొట్టికొక హీటరు అక్కర్లేదు. ఒకే గాలి పంపు నుంచి అన్నిటికీ సన్న గొట్టాలు లాగొచ్చు. ఒకటి పెట్టినవాడికి ఖర్చు, పన్నెండు పెట్టినవాడికి ఆదా. చేతిలో డబ్బు లేనివాళ్లకు ఇలాంటి లెక్కలు ఇట్టే ఎక్కుతాయి. బావ పన్నెండు తొట్లకు మనసులో చోటు చూసుకుంటూ ఇంటికి వచ్చాడు.

అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వెనక గదిలో ఆమె మిషను, గుడ్డల మూటలు ఉండేవి. ఆరు రోజులు బావ ముఖం చూసి చూసి, ఏడోరోజు తనే మిషనును హాల్లోకి లాక్కుంది. గది తీసుకోండి, ఇంటి ఖర్చులోంచి మాత్రం చిల్లిగవ్వ అడక్కండి అని తేల్చి చెప్పింది.

నేను అద్దాల కొట్టులో కోత పని చేస్తాను. పదేళ్లుగా నన్ను ‘మీ తమ్ముడు’ అని తప్ప పిలవని బావ ఆ మర్నాడు కొట్టుకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, “ఏమోయ్ బావమరిదీ, భోంచేశావా?” అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

కూలగొట్టిన ఇళ్ల నుంచి మా కొట్టుకు వచ్చే పాత కిటికీ అద్దాలు ఊరికే పడి ఉంటాయి. వాటిని కోసిమ్మన్నాడు. కిటికీ అద్దం గాలిని ఆపడానికే తప్ప నీటి బరువు మోయడానికి కాదని చెప్పి చూశాను. చిన్న తొట్లకైతే సరిపోతుంది, పెద్దవాటికి మందం చాలదు అన్నాను. చివరిదాకా విని తలూపాడు. ఆయన తలూపితే ఏమిటో ఊరందరికీ తెలుసు, నాకు మాత్రం కొత్త. రెండు ఆదివారాలు కూర్చుని పన్నెండు తొట్లకూ కోసి, అంచులు నూరి, సిలికాన్‌తో అతికించి ఇచ్చాను. ఆ సిలికాన్ ఒక్కటే ఆయన కొత్తగా కొన్న సరుకు.

మిగతాదంతా ఊరికే వచ్చింది. ఆఫీసు రికార్డు గదిలో పాత ఫిర్యాదుల పుస్తకాలను చెదలు తినేశాయి. ఖాళీ అయిన ఇనుప ర్యాకులను తుక్కు కింద పారేస్తుంటే, బావ దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్నాడు. కొత్త టీవీలు కొన్నవాళ్ల గుమ్మాల ముందు కాపలా కాసి, పెట్టెల్లోని థర్మాకోల్ పోగుచేసి, వెచ్చదనం పోకుండా గోడలకు అంటించాడు. చేపల కొట్టాయన మూలన పడేసిన గాలి పంపు ఇచ్చాడు. బాగుచేస్తే అది పనిచేసింది గాని, వాకిట్లో ఎవరో స్కూటరు ఆపకుండా వదిలేసినట్టు ఉండేది చప్పుడు. నీళ్లు వడగట్టే స్పాంజి కోసం మాత్రం ఆయన ఎక్కడికీ పోలేదు. కోట్ల భుజాల్లో పెట్టడానికి అక్క తెచ్చుకున్న స్పాంజి బిళ్లలు పన్నెండు మాయమయ్యాయి. ఆ నెలలో కోటు కుట్టించుకున్న ఒక పెళ్లికొడుకు ఫొటోల్లో ఒక భుజం దించుకుని నిలబడి ఉంటాడు.

అన్నిటికంటే పెద్ద తొట్టిలో నీళ్లు నింపినరోజు ముందు అద్దం పొట్టలా ఉబ్బింది. నేను చూస్తుండగానే టప్పున పగిలింది. నీళ్లు గదిలోంచి హాల్లోకి, హాల్లో అక్క పరుచుకున్న గుడ్డల్లోకి వెళ్లాయి. అక్క మిషను దగ్గర నుంచి లేవలేదు. కాళ్లు మాత్రం పైకి పెట్టుకుంది. సాంకేతిక కారణాల వల్ల అంతరాయం కలిగిందని బావ గదిలోంచే ప్రకటించాడు. ఆ తొట్టికి మందం అద్దం నేనే నా డబ్బుతో వేశాను, అక్క ముఖం చూడలేక.

ఇక నీళ్లు. కుళాయి నీళ్లలో మందు కలుపుతారు కాబట్టి చేపల తొట్లలో పోసే ముందు ఒకరోజు డ్రమ్ముల్లో నిలవ ఉంచాలి. పన్నెండు తొట్లు, వాటికి వారం వారం మార్చే నీళ్లు. మా వీధికేమో రోజు విడిచి రోజు ఒక్క గంట వదులుతారు. డ్రమ్ములు నిండేసరికి వంటింటికి బిందెడు మిగిలేది. అప్పుడు బావ ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారిగా ఒక పని స్వయంగా చేశాడు. వాల్వులు తిప్పే మనిషికి టీ ఇప్పించి, మా వీధి వాల్వు ఒక పావుగంట ఆలస్యంగా కట్టేయమన్నాడు. నీళ్లు ఆకాశం నుంచి ఊడిపడవు కదా. ఆ పావుగంట పక్క వీధిది.

మా వీధివాళ్లు బావను చూస్తే లేచి నిలబడటం మొదలుపెట్టారు. పక్క వీధివాళ్లు ఆఫీసుకు వచ్చి, నీళ్లు తగ్గాయని బావ కిటికీ దగ్గరే వరసలో నిలబడ్డారు. ఆయన ఒక్కొక్కరినీ చివరిదాకా విని నమోదు చేసుకున్నాడు. ఫిర్యాదులు పాతిక దాటాక, కారణం కనుక్కుని నివేదిక ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పనీ బావకే పడింది. వారంరోజులు విచారణ చేసి, కారణం తెలియరాలేదని రాశాడు.

ఈలోపు గది కళకళలాడింది. ఆరు చిన్న గప్పీ చేపలతో మొదలైంది, మూడు నెలల్లో లెక్క తప్పిపోయింది. బావ ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా విప్పకుండా ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. పన్నెండు అద్దాల వెనక వందల నోళ్లు తెరుచుకునేవి. ఆయన ముఖంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాసేపు అక్కడ కూర్చోవాలనిపించేది.

అక్క దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలో ఎక్కువమంది పక్క వీధివాళ్లే. వాళ్లలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ ఉంది. ఒకసారి కొలతలివ్వడానికి వచ్చి, చెయ్యి చాచడానికి మొహమాటపడింది. ఉతికిన బట్ట కాదమ్మా, నాలుగు రోజులైంది నీళ్లు సరిగ్గా రాక, అంది. అంత పొందికైన మనిషి అలా అనేసరికి అక్కకు తల కొట్టేసినట్టయింది. గోడకు అవతల పంపు చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం అక్క బావతో సంగతంతా చెప్పి, ఆ పావుగంట వాళ్లది వాళ్లకు వదిలేయమంది. బావ చేపల వైపు నుంచి చూపు తిప్పకుండా, “నమోదైంది” అన్నాడు.

తర్వాత చాలాసార్లు చెప్పాడు, కావాలని అనలేదని, నోట్లోంచి దానంతటదే వచ్చేసిందని. నేను నమ్ముతాను.

మర్నాడు పొద్దున్న అక్క నన్ను బండి తీయమంది. మెడలో టేపు కూడా తీయకుండా వచ్చి వెనక కూర్చుంది. నీటి సరఫరా కార్యాలయంలో వరస గుమ్మం దాకా ఉంది. అక్క వెళ్లి అందరి వెనక నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి గంట పట్టింది.

“చెప్పండి” అన్నాడు బావ, తల ఎత్తకుండా.

“మా వీధికి నీళ్లు పావుగంట ఎక్కువ వస్తున్నాయండి. రాసుకోండి” అంది అక్క. ఇంటి నంబరు కూడా చెప్పింది.

పెన్ను ఆగింది. బావ తల ఎత్తాడు. గొంతు తగ్గించి, “ఇంటికెళ్లి మాట్లాడుకుందాం” అన్నాడు.

“ఇంట్లో చెప్పాను. నమోదైందన్నారు.”

బావ పుస్తకం ఆమె వైపు తిప్పి చూపించాడు. రాలేదు, తక్కువ వచ్చింది, మురికిగా వచ్చింది, గొట్టం పగిలింది. ఉన్నవి ఆ నాలుగు గడులే. “ఎక్కువ వచ్చిందని రాయడానికి గడి లేదు” అన్నాడు.

“స్కేలు ఉందిగా, గీయండి.”

వరసలో పక్క వీధివాళ్లు నలుగురున్నారు. హెడ్మిస్ట్రెస్‌గారు ముందుకు వచ్చి, సాక్షి సంతకం నేను పెడతానంది. బావ గీశాడు. గీత కొంచెం వంకరగా వచ్చింది.

నీళ్లు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు ఆ కార్యాలయం పుట్టాక రాలేదు. దాన్ని ఏ విభాగానికి పంపాలో తెలియక ఆరు బల్లలు తిరిగి పెద్దాఫీసరు దాకా పోయింది. ఆయన స్వయంగా తనిఖీకి వచ్చాడు. అక్క వెనక గది తలుపు తీసి పక్కకు తప్పుకుంది. పెద్దాఫీసరు ముక్కాలిపీట మీద కూర్చున్నవాడు అరగంటదాకా లేవలేదు. ర్యాకులు ఎక్కడివి, పంపు ఒక్కటేనా, ఇంత తక్కువలో ఎలా చేశావయ్యా అని ఒకటే ప్రశ్నలు. నీళ్లు ఎక్కడివని మాత్రం అడగలేదు. వాల్వు మర అరిగినందువల్ల కట్టడంలో జాప్యం జరిగిందని నివేదిక వచ్చింది. మర మార్చారు. ఫిర్యాదుల పుస్తకంలో ‘ఎక్కువ’ అని అయిదో గడి అచ్చు వేయించారు. ఇప్పటికీ అందులో ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు.

పావుగంట పోయింది. బావ వారంరోజులు డ్రమ్ముల అడుగులు గీకి చూశాడు. నాలుగు తొట్లకు మించి నిలబెట్టడం కుదరదని తేలింది. మిగతా ఎనిమిదింటిని చేపల కొట్టుకు అమ్మడానికి మనసు ఒప్పలేదు. రెండురోజులు సరిగ్గా తిండి తినలేదు. అప్పుడు కుట్టిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన హెడ్మిస్ట్రెస్‌గారు గుమ్మంలోంచి తొంగిచూసి, “మా నీళ్లు ఎలాగూ వాటిలోనే ఉన్నాయిగా. ఇటు ఇచ్చేయండి” అంది.

అలా ఎనిమిది తొట్లు పక్క వీధిలో ఎనిమిది ఇళ్లకు చేరాయి. మోసింది నేనే. బావ వెనకాల నడుస్తూ, మేత ఎంత వేయాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో ఇంటింటా అప్పజెప్పాడు. ప్రతి ఆదివారం వెళ్లి చూసుకోవడం మొదలుపెట్టాడు. తన కిటికీ దగ్గర అరిచినవాళ్లే ఇప్పుడు ఆయనకు కుర్చీ వేసి టీ ఇస్తున్నారు.

మూడో ఆదివారం వీధి చివరి ఇంట్లో తొట్టిలోంచి మార్చడానికి తీసిన నీళ్లే గాని, తిరిగి పోసినవి లేవు. అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లలో గప్పీలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఏమైందని అడిగితే, ఇంటాయన కుళాయి తిప్పి చూపించాడు. దారంలా వచ్చింది. వచ్చేది అంతేనండి, ఆరేళ్ల కిందట మీ దగ్గరే రాయించాను, గొట్టం తుప్పు పట్టి పూడుకుపోయిందని, అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు.

సోమవారం బావ పాత పుస్తకాలు వెతికి, చెదలు వదిలేసిన ఒక పేజీ పట్టుకుని ఇంజనీరు గదిలోకి వెళ్లాడు. చూస్తాంలే అన్నాడట ఇంజనీరు. అప్పుడు మా బావ నోరు తెరిచి అరిచాడు. ఆ అరుపు రెండో అంతస్తు దాకా వినబడిందని అక్కడి బంట్రోతు చెప్పాడు. పదకొండో రోజుకు వీధి తవ్వి కొత్త గొట్టం వేశారు.

హెడ్మిస్ట్రెస్‌గారు అడగనే అడిగింది, ఇదంతా మా కోసమా, చేపల కోసమా అని. బావకు ఒక్కోసారి అబద్ధం నోటికి రాదు. “చేపల కోసమేనండి” అన్నాడు.

“పోనీలెండి, నీళ్లకేం తెలుసు” అంది ఆవిడ.

ఆ వీధికి ఇప్పుడు రోజు విడిచి రోజు గంటసేపు ధారగా వస్తున్నాయి. మొన్న దాని అవతలి వీధి నుంచి ముగ్గురు పెద్దమనుషులు మా కొట్టుకు వచ్చారు. ఇంటికొక చేపల తొట్టి చొప్పున పద్నాలుగు కావాలన్నారు. చేపలంటే అంత ఇష్టమా అని అడిగితే ముఖముఖాలు చూసుకున్నారు. అద్దం ఎంత మందం వేయమంటారని అడిగాను. ఎంతైనా ఫరవాలేదు, వీధిలోంచి పోతుంటే మీ బావగారికి కనబడితే చాలన్నారు.