ప్రార్థన సహకారం

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పాట వినడం నా పద్ధతి. చేతులు వాటంతటవి పని చేసుకుపోతున్నాయంటే పాటలో సత్తా లేదు. ఆగిపోయాయంటే ఉంది. అలా ఆగిన పాటను ఆల్బమ్‌లో మూడోదిగా పెడతాను, వినేవాళ్లకి అక్కడే ఇల్లూ వాకిలీ గుర్తొస్తాయి కాబట్టి. రెండు నెమ్మది పాటల తర్వాత ఒక చప్పట్ల పాట, శ్రుతి మార్పు, మధ్యలో వాద్యాల్లేని చిన్న పాట ఒకటి. నాలుగు ఆల్బమ్‌లు ఇలాగే కూర్చాను. లాలాగూడ నుంచి బోయిన్‌పల్లి దాకా మా క్రైస్తవుల ఇళ్లలో చివరిదాకా వింటారని పేరు. ఎవరికి పేరు? మా ఆయన బ్రదర్ ప్రభుదాస్‌కి. కవర్ మీద రచన, స్వరకల్పన, గానం అన్నీ ఆయనే. అడుగున, కళ్లు చిట్లించి చదవాల్సిన అక్షరాల్లో, "ప్రార్థన సహకారం: సిస్టర్ ప్రిసిల్లా". సగం బాణీలు నావి. ఆయన గడ్డం గీసుకుంటుంటే వంటింట్లోంచి నేను కూనిరాగం తీసినవి.

ఐదో ఆల్బమ్‌కి నా పేరు స్వరకల్పన దగ్గర వెయ్యమని అడిగాను. పాస్టరుగారు భోజనానికొచ్చిన రోజు మా ఆయన ఆ మాట అందరి ముందూ చెప్పి నవ్వాడు. "గీమె మ్యూజిక్ డైరెక్టర్ అయితదంట! పాటలు నాకొదిలెయ్, జెర చాయ్ తే." అత్తయ్య అందుకుంది. "ఆడదానికి పేరెందుకమ్మా, దేవునికి తెలిస్తే చాలదా?" ఆమె కొడుక్కి మాత్రం కవర్ మీద నిలువెత్తు ఫోటో కావాలి.

చాయ్ తెచ్చాను. పాటలూ ఆయనకే వదిలేశాను.

ఈసారి ఏ పాట తర్వాత ఏదో ఆయనే కూర్చుకున్నాడు. ఎనిమిది పాటలూ ఒకటే శ్రుతి, ఒకటే నడక. అందులోనే ఆయన గొంతు బాగుంటుందట. వినమని ఇచ్చాడు. రెండు కిలోల చిక్కుడుకాయలు అయిపోయాయి, చేతులు ఒక్కసారీ ఆగలేదు. "ఎట్లుంది?" అంటే "మస్తుంది" అన్నాను. పదమూడేళ్ల కాపురంలో అంత హాయిగా ఎప్పుడూ అబద్ధమాడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోనే విడుదల. పాస్టరుగారు ప్రార్థించి రిబ్బన్ విప్పుతారు, ఆపైన అందరూ కూర్చుని మొత్తం ఆల్బమ్ వినాలి. మా దగ్గర అదే ఆచారం. మూడో పాటకి చంటిపిల్లల తల్లులు లేచారు. నాలుగోదానికి సంఘ పెద్ద యెషయాగారు గురక పెట్టారు. ఆరోదానికి పాస్టరుగారే గడియారం చూసుకుని ఆపించారు. "మిగతావి ఇంటికి పోయి విందాం," అన్నారు. ముందు వరుసలో కూర్చుని అంతా కళ్లారా చూశాను. అబ్బ, ఎంత సంతోషమేసిందో! దేవుడు క్షమిస్తే క్షమించనీ, లేకుంటే లేదు.

చర్చి మెట్ల దగ్గర మా ఆయన నన్ను పట్టుకున్నాడు. "ముందుగాల నువ్వు విన్నవ్ కదనే! గిట్లయితదని ఎందుకు చెప్పలే?"

"ప్రార్థన చేసిన కదండీ. కవర్ మీద నా పని గదే కదా రాసింది?"

మా ఆల్బమ్‌లు రికార్డు చేసే స్టూడియో ఆశీష్ అక్కడే స్పీకర్ల వైర్లు చుడుతూ నవ్వు ఆపుకుంటున్నాడు. మొదటి నాలుగు ఆల్బమ్‌ల కూర్పు ఎవరిదో అతనికి తెలుసు.

"ఆశీష్, వచ్చే నెల స్టూడియో ఖాళీ ఉందా? నా పాటలు తొమ్మిదున్నయి."

"ఉందక్కా. కవర్ మీద ఏం రాయాలె?"

"రచన, స్వరకల్పన, గానం: ప్రిసిల్లా," అన్నాను, మా ఆయన వింటుండగానే. "అడుగున, చిన్న అక్షరాల్లో, ప్రార్థన సహకారం: బ్రదర్ ప్రభుదాస్."