గోడ చూపిన జాగ

పొద్దున ఆరింటికి వీరేందర్ ఫస్ట్ షిఫ్టుకు బండి తీస్తడు. ఆ బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాక తల్లి పూలమ్మ గడపల నిలవడి, అటెన్క చాయ తాగుతది. ముప్పై నాలుగేండ్లు మొగడు నర్సింగం కోసం గట్లనే నిలవడ్డది, ఇప్పుడు కొడుకు కోసం. సరిగ్గ అదే టైముకు వెనుక వరండాల సారవ్వ తన బొంత చుట్టి మూలకు పెట్టి తలుపు తీస్తది. ఇగ నర్సింగం తన దుకాణంలకు పోవచ్చు.

దుకాణమంటె ఏదో పెద్దగ అనుకునేరు. గోదావరిఖనిల రెండర్రల క్వార్టరు అది. వెనుక వరండాకు గోడ కట్టి పైన రేకులేసుకున్నరు. ఏడడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడుగు, అంతే. నర్సింగం బొగ్గు బాయిల టింబర్‌మెన్‌గ చేసి రిటైరైండు. భూమి లోపట పైకప్పు కూలకుండ కర్రలు నిలబెట్టుడు ఆయన పని. సందు చూస్తె చాలు, ఎంత కర్ర పడుతదో టేపు లేకుండ చెప్తడు. రిటైరైనంక ఖాళీగ కూసునుడు శాతగాక పీటలు, కిటికీ తలుపులు, కుర్చీల రిపేర్లు మొదలు పెట్టిండు.

ఆ ఇరుకుల ఆయన చేసిన ఏర్పాట్లు చూసెతందుకు కాలనీ అంత వచ్చిపోయింది. పని బల్లకు మడిచే కబ్జాలు బిగించిండు, పనైతె గోడకు మడిచి కొక్కెమేస్తడు. ప్లైవుడ్డు షీట్లు పండవెట్టలే, తలుపు వెనుక నిలవెట్టిండు. పొడుగు కట్టెలు రేకుల కింద వాసాల మీదికి ఎక్కిచ్చిండు. మొలలు, స్క్రూలు పోసిన సీసాలను మూతలతోని షెల్ఫు అడుగుకు బిగించిండు, సీసా తిప్పితె ఊడి చేతిలకొస్తది. ఉలులకు తలుపు లోపటి దిక్కు తోలు పట్టీ కొట్టిండు. బల్ల కింద డబ్బాలకు చక్రాలు పెట్టిండు.

ఇందుల సగం తెలివి నర్సింగానిది, సగం గోడది. పడమటి గోడకు సున్నమేసి ఉన్నది. జాగ లేని సామానేదన్న ఇంట్లకొస్తె, మరునాడో నెల్లకో తెల్లారేవరకు ఆ గోడ మీద బొగ్గుతోని గీసినట్టు దాని గీత లేస్తది. రంపమైతె రంపమంత, చిత్రిక పట్టే రందా అయితె రందా అంత. అక్కడ మొల కొట్టి తగిలియ్యాలె. గోడ కొలత ఎన్నడు వెంట్రుకంత తప్పలే. కాకపోతె గీత లేసినంక ఆ సామాను ఇంకోతాన పెడితె మాత్రం అది పోయినట్టే. ఒకసారి బద్ధకమై మట్టం బద్దను డబ్బాల పడేసిండు, ఏడడుగుల అర్రల అది ఇప్పటిదాక దొరకలే. పక్కింటి కిషన్ సుత ఇంట్ల పిల్లలు ముట్టుకుంటరని తన డ్రిల్లింగ్ మిషను తెచ్చి, గోడ ఏడ చూపెడితె ఆడ పెట్టు కాక అని ఇచ్చి పోయిండు.

సారవ్వ నర్సింగానికి అక్క. మొగడు చచ్చిపోయి చానా ఏండ్లాయె, పిల్లలు లేరు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కింద ఊరు పోతె ఇల్లు సుత పోయింది. నాలుగు నెల్ల కింద ఒక సంచితోని వచ్చింది. ముందర్రల వీరేందరు, లోపలర్రల పొయ్యి, ఆలుమగలు. సారవ్వకు దుకాణమే పడకర్ర అయింది. పొద్దంత ఆమెకు ఒకతాన నిలకడ లేదు. బల్ల పరిస్తె పొయ్యి కాడికి, పూలమ్మ వంట మొదలు పెడితె ముందు మెట్ల మీదికి, ఎవలన్న వస్తె చెట్టు కిందికి. ఎవ్వలు పొమ్మనలే, ఆమెనే లేస్తది.

ఆఖరికి జ్యోతినగర్‌ల ఒక ఇంజినీరు ఇంట్ల పని చూసుకున్నది. మంచంల పడ్డ ముసలామెను రాత్రింబవళ్ళు చూసుకోవాలె, వంటింటి మూలకు పండుకోవాలె. అరవై మూడేండ్ల మనిషి, ఇంకో ముసలామెను ఎత్తి దించుడు ఎట్లయితదని పూలమ్మ అన్నది గని గట్టిగ అనలే, ఎందుకంటె ఇంట్ల జాగ లేదన్నది నిజమే. నర్సింగం టేపు పట్టుకొని వరండాను మూడుసార్లు కొలిచిండు. సోమవారం ఆటో వస్తదని ఖాయమైంది. సారవ్వకు పోవాలని లేదు. ఆ సంగతి అందరికి తెలుసు.

ఆ ముందటి మంగళవారం పొద్దుగాల గోడ మీద మనిషి గీత లేసింది.

తల, మెడ, భుజాలు, కాళ్ళు, అన్ని ఉన్నయి. నాలుగడుగుల పది అంగుళాలు, కుడి భుజం జెర కిందికి. పూలమ్మ చూసి చూడంగనే కొడుకు బండికి అడ్డం పోయింది.

బాయి పని చేసెటోళ్ళ ఇండ్లల్ల ఖాళీ జాగను చూసే తీరే వేరు. దిగేటప్పుడు లాంప్‌రూంల ప్రతి మనిషి తన నంబరు లైటు తీసుకుంటడు, ఎక్కినంక మల్ల అక్కడనే పెడుతడు. షిఫ్టు దిగినంక ఏ నంబరు కాడ ఖాళీగుంటె ఆ మనిషి ఇంక లోపటనే ఉన్నట్టు. గోడ మీద మనిషంత ఖాళీ కనవడితె పూలమ్మ కొడుకు లోపటనే ఉండిపోతడని కాక ఇంకోతీరుగ ఎట్ల అనుకుంటది?

వీరేందర్‌ను నాగా పెట్టుమన్నది. ఆయన గునిసిండు, హాజరు మస్టర్లు తక్కువైతయన్నడు, ఆఖరికి తల్లి మొఖం చూసి షూ ఇప్పిండు. పోయి ఆ గీతల నిలవడ్డడు. తల మొత్తం పైకొచ్చింది. ఇది నాది కాదే అవ్వా అన్నడు. పూలమ్మ ఒప్పుకోలే. లోపట కప్పు కిందికున్నకాడ వంగే గద నడుస్తరు, గోడ నిన్ను వంగినప్పుడు చూసిందేమో అన్నది. వీరేందర్ వంగిండు. తల సరిపోయింది, భుజాలు బయటికొచ్చినయి. భుజాలు సరిపోయేటట్టు తిరిగితె కాళ్ళు తప్పినయి. అవునో కాదో తేలలే.

బుధవారం నుంచి షిఫ్టు దిగినోళ్ళంత మా గీతనేమో చూడుండ్రి అని వచ్చుడు షురూ అయింది. కిషన్ నిలవడ్డడు, పొట్ట ఆగలే. సదయ్య మోకాళ్ళు వంచి చూసిండు, కూసొని చూసిండు, పక్కకు తిరిగి చూసిండు. మొగిలిది అంత సరిపోయింది గని భుజం ఎడమది కిందికి, కుడిది కాదు. అద్దంల చూసినట్టు తిరగేసి గీసిందేమో అని ఎవలో అంటె మొగిలి మరునాడు తను సుత నాగా పెట్టిండు. సారవ్వ అందరికి చాయ తెచ్చి ఇచ్చింది. ఆ ఇరుకుల మొగోళ్ళ నడుమ ఒదిగి ఒదిగి పోయి ఖాళీ గ్లాసులు ఏరుకొచ్చింది.

నర్సింగానికి ఏం సమజ్ కాలే. ఒకవేళ సామానేనేమో అని అంత కొలతల ఒక తలుపు రెక్క తెచ్చి తగిలిచ్చిండు. మొల ఊడి రెక్క కింద పడ్డది. ఇంకో మొల కొట్టిండు, అదీ ఊడింది. ఇన్నేండ్లు గోడ చెప్పింది ఆయనకు అర్థమైతుండె, ఈసారి గోడకే మతి తప్పిందేమో అనుకున్నడు. ఆదివారందాక గట్లనే నడిచింది. వీరేందర్‌వి ఐదు నాగాలాయె, పూలమ్మకు నిద్ర లేదు.

సోమవారం తొమ్మిదింటికి ఆటో వచ్చి వాకిట్ల ఆగింది. సారవ్వ తన బొంత, సంచి తీసుకుందామని దుకాణంల అడుగు పెట్టింది. అప్పుడే నర్సింగం వెనుక తలుపు నుంచి నిండు ప్లైవుడ్డు షీటు పట్టుకొని లోపటికొస్తున్నడు. ఆ అర్రల ఇద్దరు ఎదురైతె ఒకలు గోడకు అతుక్కోవాలె, లేకుంటె పోరాదు. సారవ్వ సంచి కింద పెట్టి, గోడకు వీపు ఆనిచ్చి, పొట్ట లోపటికి గుంజుకొని నిలవడ్డది.

నర్సింగం షీటును తలుపు వెనుకకు దాటిచ్చి తల తిప్పిండు. గోడ మీద గీత కనవడలే. తలకాడ లేదు, భుజం కాడ లేదు, మడమల కాడ లేదు. ఎన్నేండ్లో నీళ్ళ బిందెలు మోసి కిందికి జారిన కుడి భుజం, ఆ గీతల ఎంత ఉండాల్నో అంతే ఉన్నది.

"తమ్మీ, అడ్డమున్ననా? జరుగాల్నా?" అన్నది సారవ్వ.

నర్సింగం వారం రోజులు ఊరి మొగోళ్ళందరిని ఆ గీతల నిలవడనిచ్చిండు. బాయి దిగేటోళ్ళనే చూసిండు. పక్కన చాయ గ్లాసులు పట్టుకొని నిలవడ్డ మనిషిని ఒక్కసారి చూడలే. సామాను జాగ తప్పితె ఏమైతదో ఆయనకు తెలుసు. జ్యోతినగర్ పోయినంక ఈమె మల్ల ఎవ్వలకు దొరకదు.

"జరుగకు అక్కా," అన్నడు. "ఏడికి జరుగకు."

సంచి కోసం వచ్చిన పూలమ్మ అది చూసింది. ముందుగాల, గీత కొడుకుది కాదని సంబరమైంది. వెంటనే ఆ సంబరం చూసి ఆమెకే సిగ్గైంది. వాకిట్లకు పోయి ఆటోను వాపస్ పొమ్మన్నది.

సారవ్వకు ఏమీ తెలుస్తలేదు. గోడకు అతుక్కొనే ఇద్దరి మొఖాలు చూసింది.

"నేనెన్నడు బాయి దిగలే గద?" అన్నది.

"దిగలే. మేమంత లైట్లు లెక్కవెట్టినం," అన్నడు నర్సింగం, "నిన్ను లెక్కవెట్టలే."

పగటీలిదాక ఆమె అక్కడనే నిలవడ్డది. పూలమ్మ బువ్వ అక్కడికే తెచ్చింది, నిలవడే తిన్నది. ఇంక కూసో వదినె, కాళ్ళు గుంజుతయి అని పూలమ్మ అంటె, కూసుంటె జాగ పోదా అని అడిగింది. పోదన్నది పూలమ్మ. సారవ్వ నమ్మలే. ఒక కాలు ముందుకు పెట్టి, వెనక్కి తిరిగి చూసుకున్నది. గీత ఉన్నది. రెండో కాలు తీసి మల్ల చూసుకున్నది. ఉన్నది. అప్పుడు నేల మీద కాళ్ళు బారజాపుకొని, అర్ర సగం ఆక్రమించుకొని కూసొని, ఏడ్చింది.