నాలుక కింది మాత్ర

పదకొండు గంటలకే ఎండ మండిపోతోంది. లారీ ఇంకా సగం కూడా నిండలేదు. అలాంటి వేళ మిల్లు యజమాని నరసింగరావు పని ఆపించి, బస్తాలు మోసే కలాసీలందరినీ గోదాము ముందుకు రమ్మన్నాడు. గంగులు వీపు మీది డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా దించి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. గోదాము గుమ్మంలో అమ్మవారి పటం, దాని ముందు ఇత్తడి పళ్లెంలో కర్పూరం ఉన్నాయి. పటం పక్కనే గంగులు తల్లి గురమ్మ నిలబడి ఉంది. ఆమెను పిలిపించింది ఎవరో అడగాల్సిన పనే లేదు.

"బిళ్లలు మింగినోలు నా మిల్లులో వద్దు" అన్నాడు నరసింగరావు. "కర్పూరం ఆర్పి, ఈయాల్టినుంచి ఏ బిళ్లా ముట్టనని సెప్పినోడే బస్తా ఎత్తుతాడు. ముందు గంగులు రావాల."

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టేస్తే ఆ చుట్టుపక్కల ఇక తిరుగులేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ నరసింగరావుకి ఈ నీతి కొత్తగా పుట్టింది. మూడేళ్ల కిందట కోతల సీజన్లో ఇదే గోదాము ముందు, టీ గ్లాసుల పక్కన మత్తు కలిసిన నొప్పి మాత్రలు పెట్టించిన మహానుభావుడు ఆయనే. మాత్ర పడితే నడుం నొప్పి తెలియదు, ఎన్ని బస్తాలెత్తినా అలుపు తెలియదు. బస్తాకి ఆరు రూపాయలు కూలి, మాత్ర ఉచితం. సీజను అయిపోగానే ఉచితం ఆగింది, ఒంటికి అవసరం మాత్రం ఆగలేదు. గంగులు, అతని అన్న గోపి మందుల షాపు వెనక గుమ్మం పట్టారు.

నిరుడు గోపి ఇలాగే కర్పూరం ఆర్పాడు. వణికాడు, వాంతులు చేసుకున్నాడు, పళ్లు బిగబట్టి ఇరవై రెండు రోజులు నిలబడ్డాడు. ఇరవై మూడో రోజు తట్టుకోలేక, పూర్వం మింగినన్నే మింగాడు. సాయంత్రానికి ఊపిరి ఆగిపోయింది. ఒట్టు తప్పినందుకు అమ్మవారు తీసుకుపోయిందని ఊరంతా అంది. కన్నతల్లి కూడా అదే నమ్మింది. ఇంతకంటే ఘోరం ఏముంటుంది?

"ఆర్పీరా నాయినా" అంది గురమ్మ. "ఈసారి తప్పకు. నువ్వయినా నాకు మిగలాల."

పదకొండు వారాలుగా గంగులు ఆ అలవాటుకి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర వాడుతున్నాడు. నిద్ర పడుతోంది, అన్నం సహిస్తోంది, కాళ్లలో పాకే ఆ బాధ పోయింది. అయినా తల్లి మొహం చూసి పళ్లెం వైపు అడుగేశాడు.

అప్పుడే అన్నం క్యారేజీతో గేటులోంచి అతని భార్య ఈశ్వరి వచ్చింది. మాత్రలు ఆమె దగ్గరే ఉంటాయి. రోజూ దగ్గరుండి వేయించమని డాక్టరమ్మ ఆమెకే అప్పజెప్పింది. పళ్లెం చూడగానే ఆమెకి సంగతి అర్థమైంది.

"ఆగు" అంది.

"నీకేటే పని ఇక్కడ?" అన్నాడు నరసింగరావు. "ఆ బిళ్ల మానేసి ఈ బిళ్ల పట్టినాడు. మత్తుకి మత్తే మందేటి?"

"డాక్టరమ్మ సెప్పినాది బాబూ. నొప్పిని అణిసే మందు మన బుర్రలోనే ఊరతాదట. పైనించి రోజూ వేస్తంటే బుర్ర ఆ పని మానేస్తాదట. మళ్లీ ఊరాలంటే నెలలు పడతాది, ఏళ్లు పడతాది. అందాకా ఈ బిళ్ల ఆ సోట కూకుంటాది. మత్తెక్కదు, ఒణుకు రాదు. మజ్జిలో లాగేస్తే మనిసి నిలబడలేడు."

"నా పెద్దోడు నిలబడలేదేటే?" అంది గురమ్మ. "ఒట్టు తప్పినాడు గనక పోనాడు."

"కాదత్తా. ఒట్టు మీద అన్నాల్లు ఉన్నాడు గనకే పోనాడు బావ. ఇరవై రెండు రోజులకి ఒళ్లు ఆ మందుని మరిసిపోనాది. ఎనకటంత మింగితే ఊపిరి ఆగిపోతాదట. అమ్మోరు తియ్యలేదు."

గురమ్మ కోడలి చెంప మీద కొట్టింది. ఆ చప్పుడుకి కలాసీలంతా తలలు దించుకున్నారు. ఒక్కడు కూడా ముందుకు రాలేదు.

"సాలు" అంటూ నరసింగరావు కర్పూరం వెలిగించాడు. "ఒరే గంగులూ, ఆర్పుతావా, బయటికి పోతావా?"

ఈశ్వరి చెంప తడుముకోలేదు. కొంగు ముడి విప్పి మాత్ర తీసింది.

"నోరు తెరు" అంది మొగుడితో.

గంగులు తల్లిని చూశాడు, మంటని చూశాడు. చివరికి నోరు తెరిచాడు. ఆమె నాలుక కింద మాత్ర పెట్టింది. అది కరిగేదాకా మింగకూడదు, మాట్లాడకూడదు. గంగులు పెదవులు బిగించి బస్తా మీద కూర్చున్నాడు.

"సెప్పరా" అన్నాడు నరసింగరావు.

గంగులు అతని మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. కర్పూరం దానంతటదే కొండెక్కింది. నరసింగరావు పళ్లు నూరుతూ ఇంకో ముక్క పళ్లెంలో వేసి, అగ్గిపుల్ల గీయబోయాడు. ఆ చేతిని గురమ్మ పట్టుకుంది. ఆమె చూపు మిగిలిన ఒక్క కొడుకు నోటి మీదే ఉంది.

"ఉండండి బాబూ" అంది. "ఆడి నోట్లో మందున్నాది. కరగనీయండి."