కార్డు మీది మనిషి

మంగళగిరి మెయిన్ బజారులో దామర్లవారి చేనేత చీరల కొట్టు ఉంది. పెళ్లి బట్టలు కొనేవాళ్లు ఆ కొట్టు మెట్లెక్కుతున్నారంటే చాలు, సామ్రాజ్యం గల్లా దగ్గర్నుంచి లేచి వెనక మగ్గం గదిలోకి వెళ్లిపోయేది. వెళ్లమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. భర్త పోయిన కొత్తలో ఒక పెళ్లివారు ఆమె చేతిమీదుగా సంచీ అందుకోవడానికి వెనకాడితే, కోడలు భానుశ్రీ గబగబా వచ్చి తను అందించింది. అప్పట్నుంచి అదే పద్ధతయిపోయింది. భానుశ్రీ చీరల మూటకి పసుపూ కుంకుమా పెట్టి పెళ్లివారి చేతిలో పెట్టేది. వాళ్లు బజారు మలుపు తిరిగాక సామ్రాజ్యం వచ్చి మళ్లీ తన కుర్చీలో కూర్చునేది. మామూలు రోజుల్లో మాత్రం పొద్దుట్నుంచి కొట్టు కట్టేదాకా ఆ కుర్చీ ఆమెదే. ఇంట్లో గోడకి వేలాడే భర్త చొక్కాని చూస్తూ కూర్చోవడం కంటే ఆ కుర్చీలో ఊపిరి బాగా ఆడేది.

ఆ పద్ధతిని కదిపిందొక ముసలాయన. పేరు సీతారామాంజనేయులు. దర్శిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఒక మధ్యాహ్నం వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఒక ఫోను తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. అది ఆయన భార్య ఫోను. ఆమె క్రెడిట్ కార్డుతో ఈ కొట్టులో నాలుగువేల చిల్లర పెట్టి ఏదో కొన్నట్టు బ్యాంకు పంపిన మెసేజీ అందులో ఉంది. భార్య గుంటూరులో ఆస్పత్రిలో ఉండగా ఆమె చేతిసంచీ ఎవరో ఎత్తుకుపోయారట. ప్రాణం మీదికొచ్చిన ఆ హడావుడిలో కార్డు ఆపించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. శ్మశానం నుంచి ఇంటికొచ్చి, స్నానం చేసి, ఆయన అరుగు మీద కూర్చున్న వేళకి ఈ మెసేజీ వచ్చిందట.

సామ్రాజ్యం బిక్కచచ్చిపోయింది. బిల్లు పుస్తకం కోసం చెయ్యి చాపబోతే ఆయన వద్దన్నాడు.

"డబ్బు సంగతి బ్యాంకువాళ్లు చూసుకుంటామన్నారు. నేను అందుకు రాలేదమ్మా. ఆ రోజు మా ఆవిడ పేరు చెప్పుకుని తిరిగిన మనిషిని చూసింది మీరే కదా. ఎలా ఉంది?"

సామ్రాజ్యం కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. గంధం రంగు చీర, నెమలికంఠం అంచు. పైట చెంగు మడత విప్పించి, మళ్లీ వేయించి, బాగుందని తీసుకెళ్లిన చీర. అంతా చెప్పింది. తీసుకెళ్లిన మనిషి లావో సన్నమో, పడుచో పెద్దదో ఎంత వెతుక్కున్నా కళ్లకి కట్టలేదు. కార్డు తీసుకుంది, మిషనుకి తాకించింది, తిరిగిచ్చేసింది. తల ఎత్తలేదు.

"చీర గుర్తుంది మీకు, మనిషి గుర్తులేదు," అన్నాడాయన. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అన్నాడు. మెట్లు దిగబోతూ ఆగి, గంధం రంగు మా ఆవిడకి బాగుండేది అని కూడా అన్నాడు.

ఆ మాట ఆమెని పట్టుకుని వదల్లేదు. ఆమె సాగనంపినవాళ్లు తక్కువేం కాదు. అమ్మని, చెల్లెల్ని, కట్టుకున్నవాణ్ణి. వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోయారని మనసు రాయి చేసుకుని కూర్చున్న వేళ, వాళ్ల పేరు ఎక్కడో బజారులో చీర కొంటోందని తెలిస్తే ఆ ప్రాణానికి ఎలా ఉంటుంది? తన కొట్టు మీదుగా అలాంటి కబురు ఇంకో ఇంటికి పోకూడదు. అంతే.

మర్నాడు భానుశ్రీ చేత ఒక అట్ట మీద రాయించి గల్లా పైన కట్టించింది: కార్డుతో డబ్బు కట్టేవారు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించవలెను. కొడుకు అశోక్ తల పట్టుకున్నాడు. పెద్ద బేరాలకి మిషను పిన్ నంబరు అడుగుతుందిగా, మనకెందుకీ గొడవ అన్నాడు. ఐదువేల లోపైతే అడగదుగా అంది సామ్రాజ్యం. మన కొట్టులో సగం బేరాలు ఆ లోపువే కదరా అంది.

మొదటి వారంలోనే ఆమె బోర్లా పడింది. కార్డు మీద ఒక ఇంటిపేరు, ఆధార్ మీద ఇంకో ఇంటిపేరు. ఇద్దరు మనుషులు కాబోలనుకుని గుంటూరు నుంచి వచ్చిన ఒకావిణ్ణి నిలబెట్టేసింది. ఆవిడకి ఒళ్లు మండింది. "పెళ్లయితే ఇంటిపేరు మారదా పెద్దమ్మా? మీది మారలేదా?" అని అడిగింది. సామ్రాజ్యం నాలిక్కరుచుకుంది. తనూ జొన్నాదులవారి ఆడపడుచే. దామర్లవారి కోడలై వచ్చాక ఆ పుట్టింటి పేరు పలికి ఎన్నేళ్లయిందో. ఆడవాళ్లలో కొందరు పెళ్లికి ముందు ఉద్యోగంలో ఉండగా పుట్టింటి పేరు మీద కార్డు తీసుకుంటారు, ఆధార్ అత్తింటి పేరు మీద ఉంటుంది, మార్పించుకునే తీరిక ఎవరికీ ఉండదు. అప్పట్నుంచి ఆమె ముందు ఫొటో చూసి, తర్వాత ముఖం చూసి, పేర్లు కలవకపోతే మీ పుట్టింటివారెవరమ్మా అని అడిగేది. విసుక్కుంటూ వచ్చినవాళ్లు కూడా ఆ ప్రశ్నకి మెత్తబడేవారు. కొందరు ఊరి పేరు కూడా కలిపి చెప్పేవారు.

వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. "ఓటెయ్యడానికొచ్చామా చీర కొనడానికొచ్చామా? వేలికి సిరా కూడా పూస్తావా ఏంటి?" అందొకామె.

"పూస్తాను. అది చీరకంటితే మాత్రం నన్నడగొద్దు," అంది సామ్రాజ్యం.

కానీ నవ్వి ఊరుకున్నవాళ్లతో పాటు, చీర బల్ల మీదే పడేసి వెళ్లిపోయిన జంట కూడా ఒకటుంది. ఆ పూట అశోక్ అన్నం సరిగా తినలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, మెల్లిగానే, తల్లి ముఖం చూడకుండా చెప్పాడు. "ముందు మాఘమాసం పెళ్లిళ్లున్నాయమ్మా. ఈ అట్ట మూలంగా ఒక్క పెళ్లి బేరం వెనక్కి పోయినా, మర్నాటినుంచి నువ్వు ఇంటిపట్టునే ఉండాలి."

సామ్రాజ్యం సరేనంది. గోడకి వేలాడే చొక్కా కళ్లముందు కదిలింది. అయినా అట్ట విప్పలేదు.

మాఘమాసం రానే వచ్చింది. తుళ్లూరు వైపునుంచి ఒక పెళ్లివారు కారు దిగారు. పెళ్లికూతురు అఖిల, ఆమె తల్లి లక్ష్మీదుర్గ, వెంట చుట్టాలు. భానుశ్రీ అలవాటు ప్రకారం అత్తగారి వైపు చూసింది. సామ్రాజ్యం లేవలేదు. తను లేచిపోతే కార్డు చూసేవాళ్లెవరు? కుర్చీ కొంచెం గోడవారకి జరుపుకుని, ఉన్నచోటే కూర్చుంది.

మధ్యాహ్నమంతా చీరలు విప్పుతూనే ఉన్నారు. పెళ్లికూతురికి పట్టుచీరలు, చుట్టాలకి పెట్టుబడి చీరలు, కొండలా పేరుకున్నాయి. అశోక్ ముఖం చాన్నాళ్లకి వెలిగింది. చివరికి లక్ష్మీదుర్గ కార్డు తీసిచ్చింది. పిన్ తనే నొక్కుతానంది. సామ్రాజ్యం కార్డు మీద పేరు చదువుకుంది. తాళ్లూరి రాఘవమ్మ. ఇందాకట్నుంచి అందరూ ఈమెని లక్ష్మీదుర్గా అనే పిలుస్తున్నారు.

రాఘవమ్మగారు ఎవరని అడిగింది. మా అత్తయ్య, ఆవిడ పేరునున్న డిపాజిట్ మీద బ్యాంకువాళ్లిచ్చిన కార్డు, మా ఇంట్లో పెద్ద ఖర్చులన్నీ దీంతోనే అని చెప్పింది లక్ష్మీదుర్గ. ఆవిడ ఎక్కడున్నారని అడిగితే, బయట కార్లో ఉన్నారు, మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు అంది. ఆ మాటకి అఖిల తల వంచుకుని చీర అంచు దారాలు పీకడం మొదలుపెట్టింది. సామ్రాజ్యం అది చూసింది.

"పోనీ నేనే మిషను పట్టుకెళ్తాను," అంటూ అశోక్ లేచాడు. సామ్రాజ్యం మిషను అతని చేతిలోంచి తీసుకుని, కార్డు కూడా పుచ్చుకుని, తనే మెట్లు దిగింది.

కారు ఎండలో ఉంది. వెనక సీట్లో అద్దం దించుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బోసి నుదురు, నేత చీర, ఒళ్లో గుడ్డసంచీ. కార్డు మీది పేరుతో పలకరించి, మోకాళ్ల నొప్పులటగా అంది సామ్రాజ్యం.

"నాకా? పొద్దున గేదెకి మేతేసి, డాబా ఎక్కి మిరపకాయలు తిరగేసి వచ్చాను."

"మరి పైకి రాలేదే?"

"పెళ్లి బట్టలు తీసేచోటికి నేనెందుకమ్మా," అంది రాఘవమ్మ. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఆధార్ అడిగితే సంచీలోంచి తీసిచ్చింది.

ఫొటో ఆవిడదే. ముఖం ఆవిడదే. కార్డు దొంగది కాదు. పిన్ కోసం ఈవిడ కోడల్ని ఇక్కడికి పిలిచి నొక్కించేస్తే పనైపోతుంది, బేరం నిలుస్తుంది, కుర్చీ నిలుస్తుంది. సామ్రాజ్యం చేతిలో మిషను పట్టుకుని నిలబడిపోయింది. ఎండకి కళ్లు చెమర్చాయి. పేరు పైకి వెళ్లి చీరలు కొంటోంది, మనిషి కింద కూర్చుని ఉంది. దర్శి పంతులుగారి భార్య కాటికి వెళ్లింది కాబట్టి రాలేకపోయింది. ఈవిడకేమయింది?

"మా కొట్టులో ఒక నియమం ఉందండీ. కార్డు ఎవరిదో ఆ మనిషి గల్లా ముందు నిలబడాలి," అంది. ఆ నియమం ఆమె ఆ క్షణానే పెట్టింది.

రాఘవమ్మ బెదిరినట్టు చూసింది. నేనొస్తే వాళ్లేమనుకుంటారో అంది. శుభమా అని పిల్ల పెళ్లి చేసుకుంటుంటే నేనడ్డం పడటమెందుకు అంది.

"నేనూ మీలాంటిదాన్నే కదా," అంది సామ్రాజ్యం. "ఆ గల్లా దగ్గర రోజూ కూర్చునేది నేనే."

రాఘవమ్మ ఆమె నుదుటివైపు చూసింది. సీటు కింద కాళ్లతో చెప్పులు వెతుక్కుంది.

ఇద్దరూ మెట్లెక్కి లోపలికి వచ్చారు. చుట్టాల్లో ఒకావిడ పెళ్లికూతురి చీరలున్న చాపని చటుక్కున పక్కకి లాగింది. లక్ష్మీదుర్గ ముఖం ఎర్రబడింది. పెద్దమనిషిని ఎండలో నడిపించడమేంటండీ, ఊళ్లో ఇంకో చీరల కొట్టు లేదనుకున్నారా అని అశోక్‌ని అడిగింది. అశోక్ అమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటలో అన్నీ ఉన్నాయి.

సామ్రాజ్యం మిషను గల్లా బల్ల మీద పెట్టింది. "వేరే కార్డిచ్చినా, వేరే కొట్టుకెళ్లినా మీ ఇష్టం తల్లీ, నేను కాదనను. ఈ కార్డు మాత్రం ఈవిడ చేతిలోంచే రావాలి." అని కార్డు తీసి రాఘవమ్మ అరచేతిలో పెట్టింది.

లక్ష్మీదుర్గ చెయ్యి తన సంచీ పట్టీ మీద పడింది. అశోక్ చీరల కొండవైపు చూస్తున్నాడు, అది అప్పుడే కరిగిపోయినట్టు.

అప్పుడు అఖిల లేచింది. పక్కకి లాగిన చాపని మళ్లీ ముందుకి లాగింది. "నాయనమ్మా, నువ్వు చూడలేదుగా. ఇది చూడు," అంటూ ఒక చీర మడత తెచ్చి ఆవిడ ముంజేతి మీద వేసింది.

రాఘవమ్మ రెండో చెయ్యి వెనక్కే ఉంచుకుంది. కాసేపటికి ఆ చెయ్యి ముందుకొచ్చింది. పత్తి కొనేవాడు దూది పింజ నలిపి చూసినట్టు అంచుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. నేత బిగువుగా ఉందంది. ఇంకోటి చూసింది. తర్వాత తల ఎత్తకుండానే, "ఈ ముదురాకుపచ్చది తీసెయ్యి. నీ ఒంటి రంగుకి నప్పదు. అదిగో, ఆ పండుమిరప రంగుది పెట్టు," అంది.

"నాకూ అదే ఇష్టం," అంది అఖిల.

లక్ష్మీదుర్గ సంచీ మీంచి చెయ్యి తీసింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా," అంది.

"ముందు నేను కార్లో ఉన్నానే అమ్మాయ్."

చాప లాగినావిడే ముందు నవ్వింది. పిన్ రాఘవమ్మకి తెలియదు. లక్ష్మీదుర్గ దగ్గరకొచ్చి అత్తగారి చెవిలో చెప్పింది. రాఘవమ్మ చూపుడువేలితో ఒక్కో అంకెనీ గట్టిగా, తలుపు గొళ్లెం వేసినట్టు నొక్కింది. కార్డు మీదా ఆధార్ మీదా ఒకటే ఇంటిపేరు, అడగవలసిన పని లేదు. అయినా సామ్రాజ్యం మీ పుట్టింటివారెవరమ్మా అని అడిగింది.

"మద్దినేనివాళ్లం," అంది రాఘవమ్మ. "పెదకూరపాడు," అని కూడా అంది.

భానుశ్రీ మూటకి పసుపూ కుంకుమా పెట్టింది. మూట ఎత్తి రెండడుగులు పెళ్లివారివైపు వేసి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి ఆ మూటని అత్తగారి ముందు, గల్లా బల్ల మీద పెట్టింది. సామ్రాజ్యం మూట ఎత్తింది. అఖిల రెండు చేతులూ చాపి పుచ్చుకుంది. అశోక్ బిల్లు మడతపెట్టి, తల్లి కుర్చీని గోడవార నుంచి మళ్లీ దాని చోటికి జరిపాడు.

అంతలో రాఘవమ్మ సంచీలో ఫోను మోగి ఆగింది. బ్యాంకు మెసేజీ. తీసి అఖిలకిచ్చింది. రాఘవమ్మగారూ, మీ కార్డుతో ఫలానా కొట్టులో కొనుగోలు జరిగింది, అది చేసింది మీరు కాకపోతే వెంటనే ఫోను చెయ్యండి అని ఇంగ్లీషులో ఉంది. అఖిల తెలుగులో చెప్పింది.

"నేనేగా కొన్నది," అంది రాఘవమ్మ. "ఫోను చెయ్యక్కర్లేదు."

వాళ్లు మెట్లు దిగుతుంటే సామ్రాజ్యం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. భర్త పోయాక పెళ్లివారిని సాగనంపడానికి గుమ్మంలోకి రావడం అదే మొదలు. కారు ఎక్కబోతూ రాఘవమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ ముఖాన్ని సామ్రాజ్యం తీరిగ్గా చూసుకుంది. కుడి కనుబొమ మీద మిరపగింజంత మచ్చ. పక్క పన్ను ఒకటి లేదు. నవ్వితే ఎడం చెంప ముందు కదులుతుంది. రేపు ఎవరైనా వచ్చి ఆ రోజు కొన్నావిడ ఎలా ఉందని అడిగితే చెప్పగలదు.