అరవై రోజుల కాలువ

లోర్పుకు కావలసింది సిమెంటు ఇటుకల కార్ఖానాలో ఉద్యోగం. దానికి గోడ ఉంది, రేకుల కప్పు ఉంది, ఏడాది పొడుగునా పని ఉంది. యుద్ధం ముగిశాక రాజధాని మన్రోవియాలో ఈ మూడూ ఒకేచోట దొరకడం లేదు. లోపలికి వెళ్ళాలంటే కాగితం కావాలి. తాముండే క్లారా టౌన్ పేట మురుగుకాలువలో అరవై రోజులు పూడిక తీసి, హాజరు పుస్తకంలో అరవై వేలిముద్రలు వేసినవాళ్ళకే ఆ కాగితం.

ఉపాధి ప్రాజెక్టువాళ్ళు యాభై మందిని తీసుకున్నారు. నోరు పెద్దదని లోర్పునే మేస్త్రీని చేశారు. పర్యవేక్షకుడు వెస్సే అనే ఆయన. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుంటాడు, ఒకటే రాస్తుంది. మొదటిరోజు అందరితో చెయ్యి కలిపి, అక్కడివాళ్ళ పద్ధతిలో చివర వేలికి వేలు తగిలించి గట్టిగా చిటిక మోగించాడు. "ఇది కాలువ కాదమ్మా, ఉపాధి" అని చెప్పి వెళ్ళాడు. కాలువ మాత్రం కాలువలాగే కంపు కొట్టింది.

మొదటి మూడు రోజులూ ఆ పని చూసి లోర్పుకు ఒళ్ళు మండిపోయింది. పార ఒకసారి వేసి రెండుసార్లు ఆకాశం చూసేవాళ్ళే అందరూ. అందులో ఫ్లోమో ఒకడు. ముప్పై దాటాయి, యుద్ధంలో తుపాకి పట్టాడు, తర్వాత దాన్ని అప్పగించి రసీదు తీసుకున్నాడు. రసీదు ఉన్నా అందరూ కమాండర్ అనే పిలుస్తారు. పార భుజానికి ఆనించి నిటారుగా నిలబడేవాడు.

"ఏం కమాండర్, మురుగు పారిపోతుందని కాపలానా?" అంది లోర్పు.

"అది పారిపోవడం లేదనే కదా పెద్దమ్మా మనల్ని పెట్టింది!"

నాలుగో రోజు ఆమె ముసలి ముల్బాను వెంటబెట్టుకొచ్చింది. లోఫా జిల్లాలో, వాళ్ళు వదిలేసి వచ్చిన ఊళ్ళో, వరి వెయ్యడానికి అడవి కొట్టాలంటే ఎవరూ ఒంటరిగా దిగరు. కూ అనే జట్టు కడతారు. ఇవాళ నీ చేను, రేపు నా చేను. అందరి చేలూ అయ్యేదాకా కూ విడిపోకూడదు. డోలు కొట్టే మనిషి పనిముట్టు ముట్టడు, అయినా అన్నం గిన్నె దగ్గర అతని వాటా అతనిదే. అతని చేను మాత్రం అందరికన్నా చివర. ముల్బా అలాంటి డోలు మనిషి. చూపు చాలావరకు పోయింది, చేతులు పోలేదు.

"ఫారంలో డోలుకు గడి లేదమ్మా" అన్నాడు వెస్సే. "పార ఉంది, తోపుడుబండి ఉంది, మంచినీళ్ళు ఉన్నాయి."

"అయితే మంచినీళ్ళని రాయి బాబూ."

అలా ముల్బా మంచినీళ్ళ మనిషి అయ్యాడు. ఎవరికీ చుక్క పొయ్యలేదు. పనిలో వెనకబడ్డవాడెవడో వాడి వెనక నిలబడి డోలు మోగించేవాడు. వాడికి సిగ్గేసేది, మిగిలినవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు, పార దానంతటదే కదిలేది. మధ్యాహ్నం గట్టు మీదే పామాయిల్ పోసి వండిన కర్రపెండలం ఆకు కూర, అన్నం. ఇరవై ఏడో రోజుకు కాలువ అయిపోయింది. ఆ సాయంత్రమే కుండపోతగా వాన కురిసింది. ఎన్నో ఏళ్ళుగా ప్రతి వానకూ ఇళ్ళలోకి వచ్చే నీళ్ళు ఈసారి ఎవరి గడపా తొక్కకుండా నదిలోకి వెళ్ళిపోయాయి.

మర్నాడు వెస్సే వచ్చి కాలువను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మొహం పాలిపోయింది.

"కొంప ముంచావు కదమ్మా!"

"ఈసారి ఒక్క కొంపా మునగలేదు బాబూ. అదే నీకు చూపిద్దామనుకున్నాను."

"యాభై మంది, అరవై రోజులు. మూడువేల పనిదినాలు సృష్టిస్తామని పైకి రాసిచ్చాను. నువ్వు పదహారువందల యాభై తినేశావు."

"మరి కాలువ అయిపోయిందిగా?"

"కాలువ సంగతి ఎవరడిగారమ్మా?"

గట్టు మీద పేరుకున్న పూడిక గుట్టను వెస్సే చాలాసేపు చూశాడు. "లారీ ఇంకా రాలేదు. ఈ గుట్ట దానంతటదే జారి మళ్ళీ లోపల పడిందనుకో... నేనేం అనలేదు" అన్నాడు. చెయ్యి కలిపాడు గానీ చిటిక మోగలేదు.

నిజం చెప్పాలంటే లోర్పు ఒక పారెడు మట్టి ఎత్తింది కూడా. ఆ ఉద్యోగం ఆమెకు అంతగా కావాలి. కానీ కాలువ నుంచి మూడో ఇల్లు ఆమెది. పోయిన వానల్లో ఆమె చాప నీళ్ళమీద తేలుతూ వాకిలి దాటింది.

"వెయ్యమంటావా పెద్దమ్మా?" అన్నాడు ఫ్లోమో. "ఆర్డరిస్తే వేసేస్తాను. ఎందుకని అడగను. అలవాటే."

లోర్పు వాడి మొహం చూసింది. మట్టిని గట్టు మీదే కుమ్మరించింది.

"ఆర్డరూ లేదు, గీర్డరూ లేదు. కూ ఇంకా విడిపోలేదు. తర్వాత ఎవరి చేను?"

"చేలెక్కడివి పెద్దమ్మా, అందరివీ సందులే."

"అయితే ఎవరి సందు?"

రోజూ పొద్దున్నే అయిపోయిన కాలువ దగ్గరికి వచ్చి వేలిముద్ర వేసేవాళ్ళు. తర్వాత డోలు వెనకే ఎవరో ఒకరి సందులోకి వెళ్ళి అక్కడి కాలువ తవ్వేవాళ్ళు. సందు బాగుపడ్డవాళ్ళు ఊరికే కూర్చోలేక మర్నాడు తామూ వచ్చి చెయ్యి వేసేవాళ్ళు. వెస్సే చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ముద్రలు పెరుగుతున్నాయి, ఆయనకు అది చాలు.

అరవయ్యో రోజు తనిఖీకి విదేశీ మేడమ్ వచ్చింది. కాలువ అద్దంలా ఉంది, మనిషి పొడ లేదు. వెస్సే చెమటలు తుడుచుకుంటుంటే దూరంగా డోలు వినిపించింది. మేడమ్ ఆ చప్పుడు పట్టుకుని సందుల్లోకి నడిచింది. పనిచేస్తున్నవాళ్ళను మూడుసార్లు లెక్కపెట్టింది. డెబ్బై మూడు.

"జాబితాలో యాభై మందే. ఈ ఇరవై ముగ్గురికి జీతం ఎవరిస్తున్నారు?"

"ఎవరూ ఇవ్వరమ్మా" అంది లోర్పు. "వాళ్ళ సందు మేం తవ్వాం. మా సందు వాళ్ళు తవ్వుతున్నారు."

మేడమ్ కళ్ళు చెమర్చాయి. చాలాసేపు రాసుకుంది. లోర్పు చేతులు రెండూ పట్టుకుని ఊపింది. కార్ఖానా గేటు తెరుచుకున్నట్టే అనుకుంది లోర్పు. రిపోర్టు వచ్చేదాకా ఎవరూ పార ముట్టవద్దని వెస్సే చెప్పి వెళ్ళాడు.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. వెస్సే గొంతు సవరించుకుని చదివాడు. "క్లారా టౌన్‌లో ప్రజలు జీతం లేకుండానే ఎంతో ఉత్సాహంగా పనిచేస్తున్నారు. కనుక ఇక్కడ ఉపాధి కల్పించాల్సిన అవసరం లేదు."

"మరి మా ముద్రలు?"

"పని జరగని చోట వేసినవి కొట్టేశారు. ఇరవై ఏడు మిగిలాయి."

"కార్ఖానా?"

"ఇరవై ఏడుకు కాగితం రాదమ్మా. పక్క పేటవాళ్ళు సగం కూడా తవ్వలేదు. అక్కడ అవసరం తీవ్రంగా ఉందని ఇంకో అరవై రోజులిచ్చారు. కాగితాలు కూడా వాళ్ళకే." పారలన్నీ అప్పజెప్పమని చెప్పి వెళ్ళిపోయాడు.

లోర్పు కాలువ గట్టున కూర్చుని ఏడ్చింది. దాచుకోలేదు. ఎదురుగా నీళ్ళు హాయిగా పారుతూ పోతుంటే ఆమెకు ఇంకా మంటగా ఉంది.

తవ్వకుండా మిగిలింది ముల్బా సందు ఒక్కటే. మర్నాడు పొద్దున్నే, ఎవరూ రారనుకుంటూనే, పిడి విరిగిన సొంత పార పట్టుకుని వెళ్ళింది. ముల్బా డోలు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"ఎంతమంది వచ్చారమ్మా?"

"నేనొచ్చాను."

వెనక అడుగుల చప్పుడు. ఫ్లోమో. చేతిలో ప్రాజెక్టు పార, పిడిమీద ఎర్రరంగు నంబరు.

"అప్పజెప్పమన్నారు కదరా?"

"తుపాకి ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేశాను. ఇది మాత్రం ఇవ్వను పెద్దమ్మా."

వాడి వెనక ఇంకా వచ్చారు. రేకు డబ్బాలతో కొందరు, సత్తు పళ్ళాలతో కొందరు, వట్టి చేతులతో కొందరు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వరసలో నిలబడి అలవాటు కొద్దీ కుడి బొటనవేళ్ళు ముందుకు చాపారు. పుస్తకం లేదు, సిరా లేదు. ఎవరి వేలు వాళ్ళు చూసుకుని, ముడుచుకుని, కాలువలోకి దిగారు.

ముల్బా తడుముకుంటూ లేచాడు. "వెనకబడ్డది ఎవరో చెప్పండి. అక్కడ నిలబడతాను."

"నేనే" అంది లోర్పు.

అతను వచ్చి ఆమె వెనక నిలబడి డోలు కొట్టడం మొదలుపెట్టాడు.