వెనకనున్న చెయ్యి

పైకి ఎన్నడూ అనని మాట ఒకటి ఆమె గొంతులో ఉండిపోయింది. చనిపోయిన మనిషి చేతిని వాళ్ళావిడకి ఇచ్చెయ్యడం తనకి ఇష్టం లేదు.

ఆ మాటని మింగేసి రోజూ పొద్దున్నే సైనిక విమానాల రన్‌వే పక్కనున్న ఫైర్ స్టేషన్‌కి వచ్చేది. గొట్టాలు విప్పి చూసేది. సిలిండర్లలో గాలి ఎంతుందో చూసేది. పంపు ఒకసారి ఆడించి ఆపేది. ఆఖరున కొక్కేనికున్న కోటు తొడుక్కునేది. దాని ఎడమ భుజమ్మీద మసి రంగులో ఓ అరచేతి అచ్చు. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది.

అది ఆవులింతన్న చేతి అచ్చు. మంట ఎంత పెద్దదైతే అంత పెద్దగా ఆవులించేవాడు కనక ఆ పేరు. "నిద్దరొస్తోందా అన్నా?" అని ఆమె వెక్కిరిస్తే, "నిద్దరా పాడా! భయమే పిచ్చిదానా. భయమేస్తే నాకు ఆవులింతలొస్తాయి, చేతులు చెమటలు పడతాయి. ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అనేవాడు.

పొగలో కళ్ళు పనిచెయ్యవు. ముందున్న మనిషి గొట్టం పట్టుకుంటే, వెనకున్న మనిషి ఆ భుజమ్మీద చెయ్యి వేసి నడవాలి. ఒకసారి తడితే ముందుకి, రెండుసార్లు తడితే వెనక్కి. ఎప్పుడూ ఆమె ముందు, అతను వెనక. మొన్న వేసవిలో విమానాల షెడ్డు తగలబడ్డప్పుడు రెండుసార్లు తట్టి, ఆమెని బయటికి తోసేశాడు. కప్పు కూలింది. అతను రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది.

బట్టలుతికే తాత ఉతికి ఉతికి కోటు తిరిగిచ్చేశాడు. "ఇది మరక కాదమ్మా, మనిషి. సబ్బుకి పోతాడా? ఇంతకుముందూ ఒకరిది ఇలాగే ఉండిపోయింది. కావలసినవాళ్ళొచ్చి తాకితే వాళ్ళతో వెళ్ళిపోయింది." కొత్త కోటు ఇస్తే దానిమీదికీ వచ్చి కూర్చుంది. ఆఫీసరు చూసి, "సరే, ఇద్దరున్నట్టే లెక్క" అని ఆమె వెనక ఇంకెవర్నీ వెయ్యలేదు.

ఆవులింతన్న వాళ్ళావిడ, వదిన, ఫోన్లు చేసేది. "ఒక్కసారి తాకనివ్వమ్మా, అంతే. ఆఖరిచూపుకి కూడా ఆ చేతులు కప్పేసే ఉంచారు" అంది.

"వీలు చూసుకుని చెప్తా వదినా" అంది ఆమె. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేసింది. ఆ చెయ్యి కాస్తా పోతే మంటలోకి ఎలా నడవాలి?

ఆ మధ్యాహ్నం ఓ శిక్షణ విమానం దిగుతూనే దాని చక్రం అంటుకుంది. నడిపేవాళ్ళు దూకి బయటపడ్డారు. కాలే చక్రం దగ్గరికి పక్కనుంచి వెళ్ళకూడదు, పేలితే ముక్కలు పక్కకే ఎగురుతాయి. ఎదురుగానే వెళ్ళాలి. అంతలో గాలి మళ్ళి పొగ కమ్మేసింది. ఆమె దిక్కు తప్పి సరిగ్గా పక్కకే నడిచింది.

భుజమ్మీద రెండుసార్లు.

ఆలోచించకుండా వెనక్కి జరిగింది. చక్రం పేలింది. ఆమె నిలబడ్డ చోటునించి ఇనప ముక్కొకటి దూసుకుపోయింది.

మంట ఆరాక, ఫైరింజను బండి తోలే మామ కోటు విప్పడానికి సాయంపట్టి, భుజం దగ్గర ఆగిపోయాడు.

"తడిగా ఉందేంటే?"

"నీళ్ళు పడుంటాయి మామా."

"నీళ్ళు వణుకుతాయా?"

ఆమె తాకి చూసింది. అచ్చంతా చెమటతో ముద్దయి, సన్నగా వణుకుతోంది.

"చచ్చి బతికిపోయాడనుకున్నాను. నువ్వు వాడికింకా డ్యూటీ వేస్తూనే ఉన్నావా తల్లీ" అన్నాడు మామ. తిట్టినట్టు కూడా అనలేదు.

ఇన్నాళ్ళూ అది తనకి ధైర్యమనుకుంది. ఆ చెమటంటే దానికి భయమని తెలిసింది లోకంలో తనొక్కదానికే.

"రేపట్నించి నా వెనక ఎవర్నైనా వెయ్యమని సార్‌కి చెప్పు మామా."

బండి మెట్టుమీద కూర్చుని కోటు ఒళ్ళో వేసుకుంది. ఉన్నట్టుండి ఆవులింత వచ్చింది. దవడలు నొప్పెట్టేంత పెద్దది. అది తీరేదాకా ఆగి, ఎడంచేత్తో ఆ వేళ్ళని పట్టుకుని, కుడిచేత్తో వదిన నంబరు నొక్కింది.