ఏంజెలిన్ గంటలు

ఇల్లు కావాలంటే సైట్లో రెండు వందల గంటలు ఇంటి కట్టుబడి పని చేయాలన్నది పేదలకు ఇళ్లు కట్టించే సంస్థ నిబంధన. కర్ర లేనిదే నడవలేని ఏంజెలిన్ దరఖాస్తును కమిటీ అధ్యక్షుడు జెరాల్డ్ పక్కన పడేశాడు.

కమిటీలో వాలంటీరైన ఫ్లోరాకు ఒళ్లు మండింది.

"మా నాయన జ్వరంతో పడుంటే ఏంజెలినక్క మొగుడు ఆయన బదులు గనిలోకి దిగినాడప్పా. హాజరు మా నాయన పేరుతోనే పడింది. ఇప్పుడు అక్క గంటలు నేను చేస్తా. ఆమె పేరుతో రాయి."

"కమిటీవాళ్లు ఒకరి బదులు పని చేయకూడదమ్మా. రూలు ఉండాది."

ఫ్లోరా మెడలోని బ్యాడ్జి తీసి, అతని ముందు బల్లమీద కొట్టింది.

"ఇంగ నేను కమిటీ కాదు. ఇసుక తట్ట యాడ ఉండాది?"